అల్లుడికి తెలుపు కనపడకూడదు

ప్రత్తిపాడు,
9-11-1986

అమ్మాయ్ రాజేశ్వరీ,

నీ మేనత్త కనకలక్ష్మి దీవెనలు. నేనూ, మా అత్తగారూ, గేదే బాగున్నాం. మీ కంపెనీ మిషను కూడా బాగుంది. మొన్న గురువారం లారీలో దిగింది. నా మేనకోడలు టైపిస్టుగా చేరిన కంపెనీ కదా అని ఊళ్ళో అందరికంటే ముందు నేనే సంతకం పెట్టాను. "కనకలక్ష్మి చేలో చూద్దాం, బాగుంటే మనమూ తెప్పించుకుందాం" అని మగాళ్ళంతా నా గట్టు మీద గొడుగులేసుకుని కూర్చుంటున్నారు.

మనిషంత ఎత్తు. రెండు చేతులు, చేతికి ఆరేసి వేళ్ళు, తలకాయలో ఒకటే కన్ను. సాళ్ళ మధ్య చక్రాల మీద పోతూ, కాయ పగిలినచోట పత్తి పట్టుకుని చటుక్కున లాగి వీపు మీది సంచిలో వేసుకుంటుంది. ఈ ఏడు అందరి చేలూ ఒక్కసారే పగిలి కూలి మనుషులు దొరక్క నేను ఏడుస్తుంటే, ఇదొచ్చి పదిమంది పని చేస్తోంది. కంపెనీ పంపిన ఆపరేటరు జోసఫ్ మంచివాడు. తెనాలి మనిషి.

ఊళ్ళో దీనికి "అల్లుడు" అని పేరు పెట్టారు. రోజూ కీళ్ళకి నూనె రాయాలి, ఎండపడితే నీడన నిలబెట్టాలి, గట్టు కాస్త ఎత్తుగా ఉంటే మొరాయిస్తుంది. "అల్లుడుగారు లేచారా?" అని అడిగిగానీ ఎవరూ నా ఇంటి ముందు నుంచి పోవడంలేదు.

ఒకటే చిక్కు. తెల్లగా ఏది కనపడినా పత్తే అనుకుంటోంది. మొదటిరోజే మన లక్ష్మీనరసింహం మేష్టారి లాల్చీ చెయ్యి భుజం దాకా ఊడబీకి సంచిలో వేసుకుంది. మర్నాడు ఒక కొంగ తోక పీకింది. కొంగ తిట్టిన తిట్లు ఊరంతా విన్నారు. మేష్టారు మాత్రం పాపం, ఒంటి చేతి లాల్చీతోనే బడికి వెళ్ళారు.

హాస్టల్లో పప్పు నీళ్ళగా ఉంటుందన్నావు. కందిపొడి పంపిస్తున్నాను. కలుపుకుని తిను.

అత్తయ్య


హైదరాబాదు,
17-11-1986

అత్తయ్యా,

కందిపొడి అందింది. రూములో ముగ్గురం ఉన్నాం. డబ్బా మూడు రోజులు కూడా ఆగలేదు.

నీ ఉత్తరం చదివి కొంగ దగ్గర పడీపడీ నవ్వాను. తర్వాత భయం వేసింది. లాల్చీ చెయ్యి ఊడింది సరే, లోపల మేష్టారి చెయ్యి ఉంది కదా! ఈ సంగతి మా ఫిర్యాదుల సెక్షన్ త్యాగరాజు గారికి చెప్పాను. ఆయన సౌమ్యుడు. "కాగితం మీద రాకపోతే జరగనట్టే అమ్మాయ్" అన్నారు. కాబట్టి నువ్వు కంపెనీకి ఉత్తరం రాయాలి.

ఇక్కడి పద్ధతి నీకు తెలియాలి. ఆయన బల్ల మీద గాజు కింద ఒక పట్టిక ఉంది. మేం ఉత్తరాల్లో "ప్రమాదం" అని కొట్టకూడదు, "అనుకోని స్పర్శ" అని కొట్టాలి. "గాయం" అనకూడదు, "అసౌకర్యం" అనాలి. మిషను చెడిపోదు, "విశ్రాంతి తీసుకుంటుంది". అన్ని మిషన్లు చేసే కంపెనీలో మాకు టీ మాత్రం మనిషే తెస్తాడు. "ఒక మిషను ఆఫీసులో పెట్టుకోవచ్చుగా సార్?" అని మా జనరల్ మేనేజరు శేషాచలం గారిని అడిగాను. "ఇక్కడ మనుషులు తిరుగుతుంటారమ్మా" అన్నారు.

నీకు తోచింది నీ మాటల్లో రాసెయ్యి. నా ఉద్యోగం గురించి నువ్వేమీ ఆలోచించకు.

ఉంటాను,
రాజేశ్వరి


ప్రత్తిపాడు,
28-11-1986

నా బంగారు తల్లీ,

నీ సూచన అర్థమైందిలే. ఉద్యోగం గురించి ఆలోచించకు అని పనిగట్టుకుని రాశావంటే ఆలోచించమనేగా! అత్తయ్య చదివింది అయిదో క్లాసే అయినా ఆ మాత్రం తెలివి ఉంది. మేష్టారి చేత మంచి గ్రాంథికంలో రాయించి కంపెనీకి పంపేశాను. మిషను బంగారమనీ, కన్నకొడుకు కూడా ఇంత పని చేయడనీ, ప్రతి రైతూ తెచ్చుకోవాలనీ రాయించాను. పాపం మేష్టారు లాల్చీ సంగతి ఒక్క ముక్కయినా రాయనా అన్నారు. వద్దన్నాను. ఇంక నిన్ను ఎవరూ కదపలేరు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మీ కంపెనీ నుంచి అచ్చుకాగితం వచ్చింది. "మిషను పనిచేయు చేలల్లో ఎవరూ తెల్లని వస్త్రములు ధరించరాదు" అని. చదివి నా చీర వైపు చూసుకున్నాను. మీ మామయ్య పోయి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా తెల్లచీర తప్ప ఒంటి మీద వేసింది లేదు. అల్లుడు వచ్చినప్పట్నుంచీ గట్టు దిగకుండా దూరాన్నే నిలబడుతున్నాను.

కాగితం తీసుకెళ్ళి, నాకంటే ముందునుంచీ తెల్లచీరలోనే ఉన్న మా అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ సంగతి తెలుసుగా, కోటేశ్వరమ్మ అంటే వీధి వీధంతా సర్దుకుంటుంది.

"కంపెనీవాడు చెబితే రంగుచీర కడతావా?" అంది.

"కట్టకపోతే అల్లుడు నన్నూ సంచిలో వేసుకుంటాడు అత్తయ్యా" అన్నాను.

లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడైంది. వంకాయరంగు చీర తెచ్చి నా ఒళ్ళో పడేసింది. మామయ్య చీరాలలో కొన్నదే. మడతల దగ్గర కాస్త చిరిగింది. కట్టుకుని చేలోకి వెళితే జోసఫ్ గుర్తుపట్టక "ఎవరమ్మా మీరు?" అన్నాడు. ఊళ్ళో ఎవరన్నా మూతి తిప్పితే కాగితం చూపిస్తున్నాను. మా అత్తగారు కూడా రేపట్నుంచి చేలోకి వస్తానంటోంది. డెబ్బై అయిదేళ్ళ మనిషికి చేలో ఏం పని అంటే చెప్పదు.

ముందు ముందు మిరపకాయలు కోసే మిషను కూడా మీవాళ్ళే చేస్తారట కదా. అప్పుడు ఎర్రచీర కూడా కట్టకూడదా? కనుక్కుని రాయి.

కనకలక్ష్మి అత్తయ్య


హైదరాబాదు,
8-12-1986

అత్తయ్యా, అత్తయ్యా,

ఎంత పని చేశావు! నేను నిజంగానే ఫిర్యాదు రాయమన్నాను. ఉద్యోగం గురించి ఆలోచించకు అంటే ఆలోచించకు అనే!

నీ ఉత్తరం శేషాచలం గారు ఆఫీసంతా చదివి వినిపించారు. అచ్చు కూడా వేశారు. కరపత్రం మీద ఒక పక్క ఆయన ఫోటో, ఒక పక్క నీ మాటలు, కింద "శ్రీమతి కనకలక్ష్మి, ఆదర్శ రైతు, ప్రత్తిపాడు". అవి లారీల్లో దర్శి, అద్దంకి వెళ్ళాయి. నీ మాట మీద నూటికి పైగా రైతులు మిషను కావాలని పేర్లు రాయించుకున్నారు. నేను కళ్ళారా చూశాను. ఆ పేర్లు టైపు చేసింది నేనే.

దయచేసి ఇంకో ఉత్తరం రాయి. ఈసారి లాల్చీ సంగతి రాయి.

కోపంగా మొదలుపెట్టానుగానీ నీ వంకాయరంగు చీర దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మసకలయ్యాయి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి నిన్ను తెల్లచీరలోనే చూశాను. గుంటూరు వెళ్ళి ఫోటో తీయించుకో. కోటేశ్వరమ్మ అమ్మమ్మను కూడా కూర్చోబెట్టు.

రాజేశ్వరి


ప్రత్తిపాడు,
19-12-1986

రాజేశ్వరికి,

ఫోటో తీయించుకునే పరిస్థితిలో లేను.

మన దూదేకుల మొహిద్దీన్ బాషా తెలుసుగా, నీ పరుపు కుట్టి ఇచ్చినాయన. పోయిన వారం మంగళవారం, పొద్దున్నుంచీ పత్తి ఏకి, మధ్యాహ్నం ఆ దూది దుమ్ముతోనే నా చేను మీదుగా ఇంటికి వెళుతున్నాడు. గడ్డం తెలుపు, ఒళ్ళంతా దూది. అల్లుడు సాలు మధ్యలో ఆగి తల తిప్పి చూశాడు. నేను "అన్నయ్యా, పక్కకి!" అని అరిచేలోపే గడ్డం పట్టుకున్నాడు. విడిపించుకుందామని చెయ్యి వేస్తే ఆ చెయ్యీ పట్టుకున్నాడు. జోసఫ్ పరిగెత్తుకొచ్చి ఆపేసరికి మణికట్టు విరిగింది. కుడిచెయ్యి. దూదేకే చెయ్యి.

గుంటూరు ఆసుపత్రిలో కట్టు కట్టారు. జోహరాబీ వదిన ఏడుస్తుంటే ఆయనే ఓదార్చాడు. "అరవై ఏళ్ళు నేను పత్తిని లాగాను, ఒక్కరోజు అది నన్ను లాగింది, లెక్క సరిపోయింది" అంటాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అది నా చేను.

జోసఫ్ రాసిన రిపోర్టుకి జవాబుగా నిన్న మీ కంపెనీ ఉత్తరం వచ్చింది. "సదరు వ్యక్తి పత్తిని పోలి యుండుట వలన యంత్రమునకు అనుకోని స్పర్శ సంభవించినది. ఇట్టి అసౌకర్యమునకు సదరు వ్యక్తియే బాధ్యుడు." కింద శేషాచలం గారి సంతకం. సంతకం పక్కన చిన్న అక్షరాలు, "శే/రా.రా." అని. రా.రా. అంటే బడి రిజిస్టరులో ఉన్న నీ పూర్తి పేరు, రాజరాజేశ్వరి, అని మేష్టారు చెప్పారు.

అది నువ్వేనా?

కనకలక్ష్మి


హైదరాబాదు,
26-12-1986

అత్తయ్యా,

నేనే.

చెప్పింది ఆయన, కొట్టింది నేను. ఉత్తరం ఎవరు చెప్పారో, ఎవరు టైపు చేశారో కింద రెండు పొడి అక్షరాలు వేయడం ఇక్కడి రివాజు. "సదరు వ్యక్తి" ఎవరో అందులో పేరు లేదు. ఉన్నా నేను చూసేదాన్ని కాదేమో. టైపు నేర్పేటప్పుడే చెబుతారు, మాట చూడకు, అక్షరం చూడు, అర్థం చూస్తే వేగం తగ్గుతుందని.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. మొన్న సాయంత్రం అందరూ వెళ్ళాక ఆగస్టు ఫైలు తీశాను. నేను చేరిన మొదటి వారంలో కొట్టిన పరీక్షల రిపోర్టు అందులో ఉంది. ఈసారి చదివాను. పరీక్షల్లో ఆ మిషను ముప్ఫై ఒక్కసారి తెల్లటి వస్తువుల్ని పట్టుకుంది. రెండుసార్లు మనుషుల్ని. "కన్ను సరిచేసేవరకు మనుషులు తిరిగే చోట పెట్టరాదు" అని ఇంజనీర్లు రాశారు. పక్కన శేషాచలం గారి చేతిరాత, "చేలో చూద్దాం. అవసరమైతే తెల్లబట్టలు వద్దని సర్క్యులర్ ఇద్దాం."

వాళ్ళకి తెలుసు అత్తయ్యా. ఆగస్టు నుంచీ తెలుసు. నా వేళ్ళకి కూడా తెలుసు. నాకే తెలియలేదు.

దాని కార్బన్ కాపీ ఇందులో పెడుతున్నాను. ఇంగ్లీషులో ఉంది, మేష్టారి చేత చదివించు. ఉగాది దాకా నాది ప్రొబేషన్. పోతే పోయింది, ఈసారి ఇందులో సూచన ఏమీ లేదు. జనవరి తొమ్మిదిన ఆయన నీ చేనుకే వస్తున్నారు. పేర్లు రాయించుకున్న రైతులందరికీ మిషను చూపించడానికి.

నాకు ఉత్తరం రాయకపోయినా ఫరవాలేదు. మొహిద్దీన్ మామ చెయ్యి ఎలా ఉందో మేష్టారి చేతైనా రాయించు.

రాజేశ్వరి


ప్రత్తిపాడు,
11-1-1987

పిచ్చితల్లీ,

ముందు అన్నం తిను. తిన్నాక చదువు.

నువ్వు చదవకుండా టైపు చేశావన్న మాట చూడగానే నీ మీద మండిపడ్డాను. తర్వాత, మిషను తెచ్చుకునేటప్పుడు నేను సంతకం పెట్టిన నాలుగు పేజీల కాగితం గుర్తొచ్చింది. నేను మాత్రం చదివానా? మా మేనకోడలి కంపెనీ అని పెట్టేశాను. కాబట్టి మనిద్దరికీ చెల్లు.

నీ కాపీని మేష్టారు చదివి చెప్పారు. రైతుల ముందు చదువుదామన్నారు. ఎవరు పంపారని ముందు అడుగుతారు కదా అన్నాను. ఆ కాగితం నీళ్ళపొయ్యిలో వేసేశాను. ఉన్న సంగతి తెలిసింది, అది చాలు.

తొమ్మిదో తారీఖు దర్శి నుంచీ, అద్దంకి నుంచీ మూడు బస్సుల జనం. మీ శేషాచలం గారు కారు దిగారు. కాఫీపొడి రంగు సఫారీ సూటు. నల్ల బూట్లు, నల్ల మేజోళ్ళు. జేబులో రుమాలు కూడా గళ్ళదే. నువ్వన్న కరపత్రం దర్శి వాళ్ళ చేతుల్లో చూశాను, ఆ ఫోటోలో ఆయన తల ముగ్గుబుట్టలా ఉందా, ఇక్కడ కాకి రెక్కలా ఉంది! ఎండకి చెంపల మీదుగా నల్లగా కారుతోంది కూడా. నేను మేష్టారి వైపు చూశాను, మేష్టారు నా వైపు చూశారు. మాకు అర్థమైపోయింది.

ఆయన గట్టు మీద, మిషనుకి ముప్ఫై అడుగుల దూరాన నిలబడి ఉపన్యాసం ఇచ్చారు. "ఈ మిషను పక్కన పసిపిల్లని పడుకోబెట్టవచ్చు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు నేను పళ్ళెంతో వెళ్ళాను. పళ్ళెంలో తెల్లటి ఉత్తరీయం, తెల్ల చేమంతుల దండ.

"అయ్యా, అంత దూరం నుంచి వచ్చారు. మా ఊరి మర్యాద చేసుకోనివ్వండి. మిషను పక్కన నిలబడితే ఫోటో బాగుంటుంది" అన్నాను.

"ఎందుకండీ ఇవన్నీ... కారు దగ్గర ఇవ్వండి" అన్నారు.

"ఆదర్శ రైతునని మీరే అచ్చు వేశారు. నా చేతి మర్యాద కాదంటారా?"

జనం ఊరుకుంటారా? చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. అల్లుడు నెత్తి మీది దీపం వెలిగించుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు దాని మీద నుంచి కదలడంలేదు. నేను దండ ఎత్తితే ఒక అడుగు వెనక్కి వేశారు. నేను ముందుకి, ఆయన వెనక్కి.

"ముందు దాన్ని ఆపండి!" అన్నారు.

"ఎందుకండీ ఆపడం? పసిపిల్లని పడుకోబెట్టొచ్చన్నారుగా" అని అద్దంకి రైతు ఒకాయన.

ఉత్తరీయం భుజానికి తగిలిందో లేదో, "ఆపమంటే!" అని ఒక్క కేక పెట్టి, దండ విసిరి కొట్టి, పత్తి చేలో అడ్డంగా పరుగు. కాలవ దాటుతుంటే ఒక బూటు రేగడి బురదలో ఉండిపోయింది. ఒంటి బూటుతో అవతల గట్టెక్కి వెనక్కి తిరిగి చూశారు. మిషను కదల్లేదు. ఎలా కదులుతుంది? పొద్దున్నే జోసఫ్ చేత చేతులకి వెళ్ళే తీగలు పీకించాను. దీపం ఒక్కటే వెలుగుతోంది. ఇంకో మనిషికి దెబ్బ తగిలితే నేను తట్టుకోగలనా?

మూడు బస్సుల జనం మిషనునీ, ఆయన్నీ మార్చి మార్చి చూశారు. మొహిద్దీన్ అన్నయ్య, చెయ్యి మెడకి వేలాడేసుకుని, గట్టు దాకా వెళ్ళి అన్నాడు, "పరిగెత్తడం తప్పేం కాదయ్యా. ముందే తెలిసుంటే నేనూ పరిగెత్తేవాణ్ణి."

అప్పుడు మొదలైంది నవ్వు. కానీ శేషాచలం గారు ఆ మాటకి తల వంచుకున్నారు, నేను చూశాను. దర్శి వాళ్ళు అక్కడికక్కడే పేర్లు కొట్టేయించుకున్నారు. బూటు కడిగి కారులో పెట్టించాను.

నీ ఉద్యోగం ఉందా? వెంటనే రాయి. పోతే పోయింది, ఇక్కడ నీకు ముద్ద దొరకదా?

అత్తయ్య


హైదరాబాదు,
24-1-1987

అత్తయ్యా,

రెండు పూటలా తింటున్నాను. ఉద్యోగం ఉంది. ఎలా ఉందో విను.

ఆయన తిరిగొచ్చేలోపే కబురు వచ్చేసింది. రోజూ కట్టలకొద్దీ రద్దు ఉత్తరాలు. మద్రాసు హెడ్డాఫీసు నుంచి టెలిగ్రాం, ఇచ్చిన మిషన్లన్నీ వెనక్కి తెప్పించి కళ్ళు మార్చమని. ఇన్నాళ్ళు ఆ పరీక్షల రిపోర్టు చేయలేని పని ఒక్క పరుగు చేసింది.

తర్వాత మొహిద్దీన్ మామకి ఉత్తరం రాయాల్సి వచ్చింది. శేషాచలం గారు మళ్ళీ "అనుకోని స్పర్శ" అని మొదలుపెట్టారు. నా చేతులు కదల్లేదు. "నేను రాసి తెస్తాను సార్" అన్నాను. చేత్తో, తెలుగులో, ఒక పేజీ రాశాను. మిషను కంట్లో దోషం ఉందని కంపెనీకి ముందే తెలుసనీ, అయినా పంపిందనీ, ఈ ప్రమాదంలో మీ తప్పు లేదనీ, చెయ్యి బాగై మీరు పనిలోకి వెళ్ళేదాకా ఖర్చంతా కంపెనీదేననీ.

ఆయన చాలాసేపు చదివారు. జుట్టు మొదళ్ళలో తెలుపు వస్తోంది.

"ప్రమాదం అని రాశావు."

"రాశానండి."

"ఆయనకి తెలియదా ఏం జరిగిందో?"

"ఆయనకి తెలుసండి. మనకి తెలుసని ఆయనకి తెలియాలి."

సంతకం పెట్టారు. టెలిగ్రాం భయమో, గట్టు మీద మామ అన్న మాటో, నాకు తెలియదు. నేను అడగలేదు.

ఇక నా సంగతి. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం ఫైల్లో చూశాను, "టైపు చేయునప్పుడు చదువుచున్నది". త్యాగరాజు గారు నాకు ఒక జీడిపప్పు పొట్లం ఇచ్చి వెళ్ళిపోయారు.

నీ మీద బెంగగా ఉంది.

రాజేశ్వరి


ప్రత్తిపాడు,
5-2-1987

రాజేశ్వరీ,

నిన్న లారీ వచ్చి అల్లుణ్ణి తీసుకెళ్ళింది. చివరి తీత మేమే తీసుకుంటున్నాం. ఇరవైమంది ఆడవాళ్ళం, చేలో ఒకటే కబుర్లు. మా అత్తగారు గట్టు మీద గొడుగు కింద కూర్చుని అందరి మీదా అజమాయిషీ చేస్తోంది, ఆకుపచ్చ చీరలో.

మొహిద్దీన్ అన్నయ్యకి కట్టు విప్పారు. వేళ్ళు ఆడుతున్నాయి, పట్టు ఇంకా రాలేదు. ఎండాకాలం దాటితే వస్తుందన్నారు డాక్టరు. కంపెనీ ఉత్తరం వచ్చినరోజు జోహరాబీ వదిన దాన్ని మేష్టారి చేత రెండుసార్లు చదివించుకుంది. "తప్పు లేదు" అన్నచోట ఆపి, మళ్ళీ చదవమంది.

లారీ ఎక్కించేటప్పుడు ఊరంతా వచ్చారు. తాళ్ళు కట్టి లాగుతుంటే దాని తలకాయ ఒక పక్కకి వాలిపోయి, కన్ను మట్టి కొట్టుకుపోయి, చూడ్డానికి జాలిగా ఉంది. తిట్టడానికని వచ్చినవాళ్ళు కూడా ఊరుకున్నారు. మూడు నెలలు నా చేలో ఎండలో చాకిరీ చేసింది. దానికి ఎవరేం చెప్పారు, ఏం చెప్పలేదు, దానికేం తెలుసు?

అప్పుడు మొహిద్దీన్ అన్నయ్య జనంలోంచి ముందుకొచ్చాడు. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను, ఎవరూ ఆపలేదు. లారీ చక్రం మీద కాలేసి ఎక్కి, భుజం మీది తుండుతో దాని కన్ను తుడిచాడు. ఎడం చేత్తో ఆ ఇనపచేతిని తట్టాడు.

"పోరా" అన్నాడు. "పోయి మంచి కన్ను పెట్టించుకో."

లారీ కదిలిపోయింది. దుమ్ము తగ్గేదాకా అందరం అక్కడే నిలబడ్డాం.

ఆదివారం సెలవేగా, శనివారం రాత్రి బస్సెక్కు.

నీ అత్తయ్య,
కనకలక్ష్మి